అణ్వాయుధాల చరిత్రలో పాటకూ చోటివ్వండి

సంపాదకులకు,

అణ్వాయుధాల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో క్షిపణుల లెక్కలు, ఒప్పందాల తేదీలు ఉంటాయి. అవి వద్దంటూ రోడ్డెక్కి పాడిన మనుషులు మాత్రం కనిపించరు. ఇది నాకు చాలా బాధ కలిగిస్తోంది.

1958 ఈస్టర్ రోజుల్లో వేలమంది లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్‌లోని అణ్వాయుధ కేంద్రానికి బయల్దేరారు. నాలుగు రోజుల నడక, 80 కిలోమీటర్లకు పైనే. అంత చలిలోనూ వాళ్లకు తోడు నడిచింది గిటార్లు, జాజ్ బ్యాండ్లు, అందరూ అందుకోగలిగే పల్లవులు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే శాంతి చిహ్నం కూడా ఆ యాత్ర కోసం గీసిందే.

గ్రీన్‌హామ్ కామన్ సంగతి ఇంకా గొప్పది. అమెరికా క్రూయిజ్ క్షిపణులు రాబోతున్న ఆ బ్రిటిష్ వైమానిక స్థావరం బయట 1981లో మహిళలు శిబిరం వేశారు. 1982 డిసెంబర్‌లో సుమారు 30,000 మంది చేయీ చేయీ కలిపి కంచెను చుట్టేశారు. 1983 కొత్త సంవత్సరం రోజు తెల్లవారకముందే కొందరు కంచె దాటి, క్షిపణుల కోసం కడుతున్న కట్టడాల మీదికెక్కి పాడుతూ ఆడారు. అరెస్టయ్యారు. పాట వల్లే క్షిపణులు పోయాయని నేననను, 1987 అమెరికా-సోవియట్ ఒప్పందం వాటిని తీసేయించింది. కానీ అన్నేళ్లు బురదలో, వానలో ఆ ఆడవాళ్లను కలిపి ఉంచింది పాటేనని నా గట్టి నమ్మకం.

అణ్వాయుధ నిషేధ ఒప్పందం 2021లో అమల్లోకి వచ్చింది. అణ్వాయుధాలున్న ఒక్క దేశమూ అందులో చేరలేదు. దయచేసి మీ ఆదివారం అనుబంధంలో ఆ ఉద్యమ పాటల మీద ఒక మంచి వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు