కళ్లెలో క్రిమి లేకపోయినా టీబీ మాత్రలేనా?

సంపాదకులకు,

అయ్యా,

ఆగస్టు 1న ప్రపంచ ఊపిరితిత్తుల క్యాన్సర్ దినమంటూ మన జిల్లాలో తీసిన ర్యాలీ వార్త మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చింది. అది చూసి పది రోజులైంది. రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఈ వయసులో ర్యాలీల మీద కోపమెందుకని మా ఇంట్లోవాళ్లు కూడా అన్నారు. కానీ ఆ బ్యానరు మీది మాట మనసులోంచి పోవడం లేదు. ‘ముందుగా గుర్తిస్తే ప్రాణం దక్కుతుంది’ అట. గుర్తించవలసింది ఎవరో మాత్రం రాయలేదు. బ్యానరు పట్టుకున్న పెద్దలా, వారి వెనుక ఎండలో నిలబెట్టిన నర్సింగ్ విద్యార్థినులా, లేక దగ్గుతున్న మనిషేనా?

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. కళ్లె స్లైడుకు రంగు వేసి, నీలం మీద ఎర్రటి గీతల్లా కనిపించే క్షయ క్రిముల్ని వెతకడమే నా ఉద్యోగం. క్షయ మందుల వల్ల ఎన్ని వేల ప్రాణాలు నిలిచాయో నాకు తెలుసు. కాబట్టి టీబీ కార్యక్రమం మీద నాకేదో కక్ష ఉందని ఎవరూ అనుకోవద్దు.

మా అక్కది పలాస. జీవితంలో చుట్ట ముట్టి ఎరగదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది, జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లింది. పొడిదగ్గు మొదలైంది, బరువు తగ్గింది. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ కనిపించింది. కళ్లె పరీక్ష రెండుసార్లు చేశారు, రెండుసార్లూ క్రిమి లేదు. అయినా టీబీ మాత్రలు మొదలుపెట్టారు. ‘క్యాన్సరేమో, సీటీ స్కాన్ తీయిస్తారా’ అని నేనడిగితే, ‘ఆమెకు చుట్ట అలవాటు లేదు కదండీ, మీరు అనవసరంగా భయపడుతున్నారు’ అన్నారు. మాత్రలు మింగింది. పోషకాహారం కోసం ప్రభుత్వమిచ్చే డబ్బు కూడా ఆమె ఖాతాలో నెలనెలా పడింది. లేని జబ్బుకు ఇంత శ్రద్ధగా సాయం చేసే ప్రభుత్వం మనది.

నాలుగో నెలలో ఆయాసం వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండుసార్లు నీరు తీశారు. రెండోసారి నేను పక్కనే ఉన్నాను. క్షయలో సాధారణంగా లేత పసుపు నీరు వస్తుంది. ఆ సీసాలో ఉన్నది మాత్రం పలచటి నెత్తురు. ఎరుపు కనబడినంత మాత్రాన క్యాన్సరని అనను. అయితే చూడాలి కదా! ‘దీన్ని పరీక్షకు పంపుతున్నారా’ అని అడిగాను. ‘టీబీ అని తెలిసిందే కదా’ అని సమాధానం. నేను మళ్లీ నోరు తెరిచేలోపే ఆ నీరు సింకులో పోసేశారు. ముప్పై ఒక్క ఏళ్లు చుక్క కళ్లె కూడా వృథా పోనివ్వకుండా స్లైడు మీద పరిచినవాడిని. నా కళ్ల ముందే మా అక్క జబ్బు పేరు నీళ్లగొట్టంలో పోయింది.

చివరికి విశాఖలో బయాప్సీ చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ. ఇది మా ఇంటికి మాత్రమే పట్టిన దురదృష్టం కాదు. మన దేశంలో ఈ క్యాన్సర్ బయటపడేవారిలో అత్యధికులు మూడు, నాలుగు దశల్లోనే డాక్టరు ముందుకు వస్తున్నారు. వారిలో చాలామంది అంతకుముందు కొన్ని నెలలు టీబీ మాత్రలు మింగినవారే. ఎక్స్‌రేలో రెండు జబ్బుల మచ్చలూ ఒకేలా కనిపించవచ్చు, దగ్గు ఒకటే, బరువు తగ్గడం ఒకటే. డాక్టరు పొరబడవచ్చు, నేను తప్పు పట్టను. కానీ కళ్లెలో క్రిమి లేదని తేలి, నెలన్నర మందులు వాడినా మనిషి కోలుకోనప్పుడు, ‘నేను పొరబడ్డానేమో’ అన్న అనుమానం రాకపోవడం పొరపాటు కాదు, నిర్లక్ష్యం.

అనుమానం దాకా వచ్చింది కాబట్టి ఒక మాట. 2024 జులై బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్ సహా మూడు క్యాన్సర్ మందులపై కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. సంతోషం. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఆ మాత్ర పనిచేస్తుంది. పొగతాగని ఆడవారికి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈ మార్పు తరచుగా కనిపిస్తుంది. మా అక్కకూ ఉంది. అయితే ఆ మాత్ర రాయాలంటే ముందు జన్యు పరీక్ష కావాలి, దానికి ముందు బయాప్సీ, దానికి ముందు స్కాన్, అన్నిటికంటే ముందు ఒక డాక్టరుకు అనుమానం రావాలి. ఆ అనుమానం మీద మన జిల్లాలో ఏ సుంకం వేశారో, అది ఎప్పుడు ఎత్తేస్తారో తెలియదు.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారని అధికారులు అంటారు. నిజమే, నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారానిది. మన తీరంలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఆడవాళ్ల అంగిలి క్యాన్సర్ల మీద పరిశోధకులు నా చిన్నతనంలోనే వచ్చి రాసుకుపోయారు కాబట్టి నోరు చూడటం అవసరమే. ఊపిరితిత్తి ఆ లెక్కలో లేదు. తమాషా ఏమిటంటే, వాళ్లు నింపే కాగితంలో రెండు వారాలు మించిన దగ్గు ఉందా, వంటకు ఏం వాడతారు, దుమ్ములో, పొగలో పని చేస్తారా అనే ప్రశ్నలు ఉన్నాయి. దగ్గుందంటే టీబీ గదికి పంపిస్తారు. కట్టెల పొయ్యి అన్న జవాబు ఏ గదికి వెళ్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో రాతిపిండి పీల్చేవాళ్ల సంగతీ అంతే. ఆ దుమ్ములోని సిలికా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థలు ఎప్పుడో తేల్చాయి. వారి ఎక్స్‌రేలో మచ్చ కనిపించినా వెళ్లేది అదే గదికి.

అందరికీ సీటీ స్కాన్లు తీయమని నేను అడగడం లేదు. అమెరికాలో 53 వేల మందికి పైగా ఎక్కువగా పొగతాగేవాళ్ల మీద జరిపిన అధ్యయనంలో, ఎక్స్‌రే తీసినవారికంటే తక్కువ మోతాదు సీటీ తీసినవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. కానీ మన దగ్గర పాత క్షయ మచ్చలు ఎన్నో. ప్రతి మచ్చకూ సూది గుచ్చుతామంటే అదో ప్రమాదం. పైగా పొగతాగేవారికే స్కాన్ అంటే మా అక్కలాంటివారు ఎలాగూ మిగిలిపోతారు. నేను అడిగేది చిన్న సంగతి. కళ్లెలో క్రిమి లేకుండా టీబీ మందులు మొదలుపెట్టిన ప్రతి మనిషినీ ఆరు వారాలకు మళ్లీ చూడాలి, తగ్గకపోతే సీటీ స్కాన్‌కు పంపాలి. ఛాతీలోంచి తీసిన నీటిని ప్రభుత్వమైనా ప్రైవేటైనా కణ పరీక్షకు పంపి తీరాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బహుశా అందుకే జరగదు.

ఆరోగ్యశ్రీని 2007లో మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తర్వాత పేరు మారింది, కార్డు మారింది, గోడ మీద ఫొటో మారింది. వైద్యం ఖర్చు చాలావరకు పథకమే భరించింది, అది కాదనను. మారనిది పలాస నుంచి విశాఖ ప్రయాణమే. హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది, అంటే ఇచ్ఛాపురం మనిషి విశాఖ కూడా దాటి వెళ్లాలి. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి రైలు టిక్కెట్టులో రాయితీ ఉంది. ఆ సంగతి మాకు ఆరో ప్రయాణంలో ఎదుటి బెర్తులోని ఒడియా ఆయన చెబితే తెలిసింది. జిల్లా ఆసుపత్రులన్నింటిలో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వాళ్ల వంతు ఎప్పుడో ర్యాలీలో ఎవరైనా చెప్పారా? మీ విలేకరి అడిగారా?

చివరి నెలల్లో నొప్పికి మార్ఫిన్ మాత్రలు కావలసి వచ్చాయి. మా చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. అవి అందుబాటులోకి రావాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించారు. మా మేనకోడలు పదిహేను రోజులకోసారి విశాఖ వెళ్లి తెచ్చేది. ఒకసారి బంద్ వల్ల బస్సులు తిరగలేదు. ఆ రెండు రాత్రుల గురించి రాయను.

దీనిపై ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. తొమ్మిదో రోజున ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. అప్పటికి అక్క పోయి నాలుగు నెలలు. ఒక రకంగా నిజమే చెప్పారు.

ఉద్దానంలో కిడ్నీలు పాడై జనం పోతున్నారని ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఈలోగా ఎన్ని బృందాలు వచ్చి రక్తం, నీళ్లు సీసాల్లో పట్టుకుపోయాయో లెక్కలేదు. ఆ సీసాలైనా పరీక్షకు వెళ్లాయి.

ఇంకొక్క మాట. ర్యాలీ వార్త వచ్చిన పేజీలోనే, దానికింద యాలకుల పేరు చెప్పుకునే పాన్ మసాలా ప్రకటన ఉంది. అది నోటి క్యాన్సర్ పద్దులెండి.

లేఖ పెద్దదైందని తెలుసు. కోయవలసి వస్తే అమెరికా అధ్యయనం కోయండి, నా ఉద్యోగం సంగతి కోయండి. సింకులో పోసిన నీటి సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)