ఆ తొమ్మిది రోజులు ఇన్సులిన్ ఎందుకు ఇవ్వలేదంటే

మన షాపులో నెలనెలా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు 37 మంది. మే నెలలో తొమ్మిది రోజుల పాటు మీలో చాలామందిని లేదని చెప్పి వెనక్కి పంపాను. మీరు ఎండలో మాచర్ల వెళ్లి తెచ్చుకున్నారు. కోపం రావడం న్యాయమే. కానీ డిస్ట్రిబ్యూటర్‌కి బాకీ పడి సరుకు ఆగిపోయిందని ఊళ్లో ఎవరో అన్నారట. ఆ మాట మాత్రం నాకు బాగా తగిలింది. మా నాన్న షాపు తెరిచి ఇరవై ఆరేళ్లయింది, ఇంతవరకు ఒక్క చెక్కు కూడా వెనక్కి రాలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెంటచింతల ఎండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మే రెండో వారంలో, మధ్యాహ్నం రెండున్నరకు గుంటూరు నుంచి సరుకు వచ్చింది. పొద్దున్నే రావాల్సింది, పిడుగురాళ్లలో బండి మారడంతో ఆలస్యమైందన్నారు. సెలైన్ అట్టపెట్టెల కింద థర్మాకోల్ పెట్టె ఉంది. టేపు కోసి మూత తీశాను. లోపల నాలుగు జెల్ ప్యాకెట్లు. చల్లగా, గట్టిగా ఉండాల్సినవి, నొక్కితే వేలు లోపలికి దిగింది. గోరువెచ్చగా ఉన్నాయి. ఫ్రిజ్‌లోని థర్మామీటర్ తీసి సీసాల మధ్య పెట్టాను. 31 దగ్గర ఆగింది. మొత్తం నలభై సీసాలు. ప్రతి డబ్బా మీదా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని అచ్చు వేసి ఉంది.

వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాను. "ఫ్రిజ్‌లో పెట్టండి, గంటలో చల్లబడతాయి. అందరూ తీసుకుంటున్నారు, మీకొక్కరికే ఎందుకండీ ఈ పట్టింపు" అన్నారు అవతల నుంచి. వాపసు పంపితే ఇక మీ ఖాతా ఉండదని కూడా అన్నారు.

వాడుతున్న సీసా నెలరోజులు బయట ఉన్నా ఫర్వాలేదంటారు కదా, కొన్ని గంటలకే ఏమవుతుందని మీరు అడగొచ్చు. ఆ రాత్రంతా నేనూ అదే ఆలోచించాను. ఆ లెక్క ఇంట్లో నీడపట్టున ఉండే సీసాకి. బండిలో ఈ పెట్టె ఎన్ని గంటలు ఉందో, ఎంత వేడెక్కిందో చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ లేరు. వేడికి తగ్గిన బలం మళ్లీ చల్లబరిస్తే తిరిగి రాదు. చూస్తే తెలుస్తుందా అంటే చాలాసార్లు అదీ తెలియదు. సీసా బాగానే కనిపిస్తుంది, మీరు ఎప్పటిలాగే పొడుచుకుంటారు, షుగర్ మాత్రం దిగదు.

మన షాపు గోడకి రెండు లైసెన్సులు ఉంటాయి, ఎప్పుడైనా గమనించారో లేదో. ఫారం 20 మామూలు మందులకి. ఇన్సులిన్, టీకాల్లాంటివి అమ్మాలంటే ఫారం 21 కావాలి. అవి రెండూ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద ఇచ్చేవి. అదే చట్టంలో 19వ సెక్షన్ ఉంది. లైసెన్సున్న చోట కొని, సరిగ్గా నిల్వ చేసి, జాగ్రత్తగా చూసినా లోపం తెలుసుకోలేకపోయిన దుకాణదారుడిని అది కాపాడుతుంది. ఆ రాత్రి ఆ సెక్షన్ మళ్లీ మళ్లీ చదివాను. నాకు తెలియదని ఎలా అనను? నా వేలు ఆ జెల్‌లోకి దిగింది కదా.

పొద్దున్నే నలభై సీసాలూ వాపసు పంపేశాను. ఖాతా పోయింది. ఇంకో డిస్ట్రిబ్యూటర్ దొరికి సరుకు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఇక అసలు కష్టం. ఫ్రిజ్‌లో పాత సరుకు నాలుగు సీసాలే మిగిలాయి. పదో తరగతి చదివే ఒక అమ్మాయికి టైప్ 1. ఆ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు, అది అందకపోతే ప్రాణానికే ముప్పు. ఇంకొకావిడకి నెలలు నిండుతున్నాయి. వాళ్లు మాచర్ల వెళ్లినా అక్కడ సరుకు లేకపోతేనో? అందుకని ఇద్దరికీ చెరి రెండు పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే మాస్టారు వచ్చారు. నాకు ఎక్కాలు నేర్పిన మాస్టారు. లేవని చెప్పాను. ఆయన ఫ్రిజ్ అద్దంలోంచి చూసి, "అవేంటి మరి?" అన్నారు. వేరేవాళ్లవని చెప్పాను, ఎవరివో చెప్పలేదు. ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పడం నా పని కాదు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఇప్పుడైనా నేను అదే చేస్తాను. కానీ ఆయన మెట్లు దిగి వెళ్లడం ఇంకా కళ్ల ముందే ఉంది.

మీకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఏప్రిల్‌లో అదే డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చిన రెండు పెట్టెలు నేను లేనప్పుడు మా కుర్రాడు దించుకున్నాడు. బిల్లుతో సరిచూసి ఫ్రిజ్‌లో పెట్టాడు. అతని తప్పేమీ లేదు, ప్యాకెట్లు ముట్టుకుని చూడాలని నేనే అతనికి చెప్పలేదు. అవి బాగున్నాయని గానీ పాడయ్యాయని గానీ నేను చెప్పలేను. కాబట్టి ఏప్రిల్‌లో మన దగ్గర ఇన్సులిన్ కొన్నవాళ్లు, మిగిలినదెంతైనా సరే, తీసుకురండి. కొత్తది ఇస్తాను, డబ్బు అక్కర్లేదు. బిల్లు పోయినా ఫర్వాలేదు, బ్యాచ్ నంబరు నా దగ్గర ఉంది. ఈమధ్య షుగర్ కారణం తెలియకుండా పెరిగి ఉంటే డాక్టర్‌కి చూపించండి. మీ అంతట మీరు డోసు పెంచొద్దు, ఎందుకంటే కొత్త సీసాతో ఆ పెంచిన డోసే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

మాచర్లలో తెచ్చుకున్నవాళ్లు సీసా మీద 40 ఉందో 100 ఉందో చూసుకోండి, ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్ల మందు ఉందో చెప్పే అంకె అది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా తీస్తే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. అనుమానం ఉంటే రెండూ పట్టుకురండి, నేను చూస్తాను.

ఇప్పుడు ఇన్సులిన్‌ని నేనే నరసరావుపేట వెళ్లి, నా ఐస్ పెట్టెలో, థర్మామీటర్ పెట్టి తెస్తున్నాను. దీనివల్ల మీకు రెండు ఇబ్బందులు. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా షాపు మూసి ఉంటుంది. చీటీ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది, మన షాపులో ఆ అర్హత నా ఒక్కడికే ఉంది. కుర్రాడిని కూర్చోబెట్టి అమ్మించను. రెండోది, ఇన్సులిన్ మీద ఇచ్చే పది శాతం తగ్గింపు ఇక ఐదే. కొత్త చోట నాకు అంత మిగలడం లేదు.

ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లు సీసాని మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీడన ఉంచండి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐస్ గడ్డకట్టే అరలో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టినా పాడైనట్టే.

మాస్టారూ, మీ సీసా మొదటి అరలో ఉంది, మీ పేరు రాసి పెట్టాను. ఈ ఎండలో మీరు రావద్దు, సాయంత్రం ఆరు దాటాక నేనే తెచ్చి ఇస్తాను.