ధ్యానం నుంచి లేచాక

సంపాదకులకు,

ధ్యానమూ ప్రార్థనా సొంత మనశ్శాంతికే అనుకునేవారు 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గొమరీలో నల్లజాతివారిపై వివక్షకు నిరసనగా మొదలైన బస్సుల బహిష్కరణను ఒకసారి గుర్తుచేసుకోవాలి. రాత్రి చర్చిల్లో ప్రార్థించిన నల్లజాతివారిలో ఎందరో తెల్లారి పనులకు నడిచే వెళ్లారు. ఒకటి రెండు రోజులు కాదు, 381 రోజులు! దాన్ని ముందుండి నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ పేరు అందరికీ తెలుసు. ఇళ్లల్లో పాచిపనికి కాళ్లీడ్చుకుంటూ నడిచిన ఆడవాళ్ల పేర్లే చాలావరకు తెలియవు. నా లెక్కలో అసలైన భక్తి వాళ్లదే.

నేనూ రోజూ కళ్లు మూసుకుని కూర్చుంటాను (నిద్రపట్టిన రోజులూ ఉన్నాయి). లేచాక మాత్రం సాటి మనుషుల్ని కించపరిచే జోకులకు నలుగురితో పాటు నవ్వేసేవాణ్ని. మొన్న నవ్వలేదు, తప్పని చెప్పాను. గదంతా ఇబ్బందిగా నిశ్శబ్దమైపోయింది. ధ్యానంలో ఏనాడూ అంత నిశ్శబ్దం చూడలేదు.

– ఒక పాఠకుడు