పరిష్కరించకుండానే మూసివేసిన నా ఫిర్యాదు గురించి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

2000లో విడుదలై నేటికీ ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీని, 60 రోజుల పాటు పూర్తిగా వాడి చూసుకోనిచ్చే రీపర్‌ను కాదనుకుని, ఎక్కువ డబ్బు పెట్టి మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: ఇబ్బంది వస్తే పిలిచిన వెంటనే పలికే మనుషులు ఉంటారని మీరిచ్చిన మాట. ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి చందా కడుతున్నాను. చూపులేని వారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే నా మిత్రుల చేత కూడా కొనిపించాను.

ఇటీవలి అప్‌డేట్ తరువాత రికార్డింగ్ మధ్యలో మాటలు తెగిపోతున్నాయి. వివరాలన్నీ మీ దగ్గర ఉన్నాయి కనుక లోపం గురించి ఇంతకు మించి రాయను. నన్ను బాధించింది మీ తీరు.

మొదటి ప్రతినిధి బఫర్ సైజు, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే ధ్వని పరిమాణం, పెంచమన్నారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీసుకునేటప్పుడు, 128 శాంపిళ్ల బఫర్ అంటే మూడు మిల్లీసెకన్ల లోపు ఆలస్యం. 1024 అయితే అది 21 మిల్లీసెకన్లు దాటి, హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే వెనుకబడి వినిపిస్తుంది. అదీ భరించాను, అయినా మాటలు తెగడం ఆగలేదని రాస్తే, రెండవ ప్రతినిధి మళ్లీ బఫర్ పెంచమనే చెప్పారు. మూడవ ప్రతినిధి, తప్పు సాఫ్ట్‌వేర్‌ను ఆడియో పరికరంతో కలిపే ఏసియో డ్రైవర్‌దని తేల్చి, మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ తయారీదారుల దగ్గరకు పంపారు. అదే పరికరం, అదే డ్రైవర్ వేరే సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేకుండా రికార్డు చేస్తున్నాయని వారు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబును మీకు జతపరిచాను. దాన్ని ఎవరూ చదివిన జాడ లేదు. సమస్య పరిష్కారమైందని, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పమని మాత్రం సందేశం వచ్చింది. నన్ను ఒక్క మాట అడగకుండా పరిష్కారమైందని ఎవరు నిర్ణయించారు? తిరిగి తెరవమంటే కొత్త ఫిర్యాదు నమోదు చేయమన్నారు. అది చూసినవారు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశారా అని మొదటి నుంచి మొదలుపెట్టారు.

నేపథ్య శబ్దాన్ని ఎడిటింగ్‌లో తగ్గించవచ్చు, హెచ్చుతగ్గులను సరిచేయవచ్చు. అసలు ఫైల్‌లోకే చేరని మాటను ఏ ఫిల్టరూ వెనక్కి తేలేదు. మైకుకు అంతే దూరంలో కూర్చుని, అదే స్వరంతో ఆ పేరా మొత్తం మళ్లీ చదవవలసిందే. ఆ శ్రమ ఎంతటిదో తెలిసిన ఒక్కరైనా నా ఉత్తరాలు చూసి ఉంటే నాకు ఇలాంటి జవాబులు వచ్చేవి కావు.

నేను పంపిన, సాఫ్ట్‌వేర్ పనితీరు నమోదైన లాగ్ ఫైల్‌ను చదివిన ఇంజినీరే నాతో మాట్లాడాలి. పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే వీలు కల్పించాలి, లేదా చందా సొమ్ము వాపసు ఇవ్వాలి. ఈ నెలాఖరులోగా స్పందించకపోతే వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాను. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని నన్ను అడిగే ప్రతి ఒక్కరికీ మీ జవాబులన్నీ వరుసగా చూపిస్తాను.

ఇట్లు,
మీ చిరకాల వినియోగదారు