సూరిగాడికి, గుణుపూర్ నుంచి

ఒరే సూరీ,

తిట్టుకుంటున్నావని తెలుసు. నీ మెసేజ్ వచ్చి నెలన్నర, రేపు రాద్దాం రేపు రాద్దాం అని... సర్లే. అమ్మ మోకాళ్ళు అలానే ఉన్నాయి, షాపులో జిరాక్స్ మెషిన్ మళ్ళీ పడుకుంది, చిన్నోడు నాలుగో క్లాసు. అంతే. అసలు సంగతి విను, చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

కొండమీద సవరోళ్ళ ఊరు ఉంది కదా, పనసపళ్ళకెళ్ళి నువ్వు "ఆ పని" చేసి పరిగెత్తిన ఊరు (వాళ్ళకింకా గుర్తుంది, నీ పేరు చెప్పలేదులే). వాళ్ళు 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరుమ్మడి అడవికి ఫారం సి దరఖాస్తు పెట్టుకుంటున్నారు. జిరాక్సులకి నా దగ్గరికే వచ్చేవారు. పోయినసారి హద్దులు సరిగా లేవని కాగితాలు తిరిగొచ్చేశాయట. హద్దు అంటే వాళ్ళకి ఈ చింతచెట్టు నుంచి ఆ గెడ్డ దాకా. ఆఫీసోళ్ళకేమో అంకెలు కావాలి.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి జనమో ఇళ్ళల్లో కూచుని శాటిలైట్ ఫొటోలు చూస్తూ, ఎవరైనా గీసి ఎవరైనా చూసే ఆ ఫ్రీ మ్యాపు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధులు గీశారని రూమ్‌లో రాత్రంతా చెప్పి చంపావు చూడు. నేను మధ్యలోనే నిద్రపోయాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

సరే, ఫోన్‌లో ఓస్మాండ్ అనే మ్యాపు యాప్ వేసుకుని కొండెక్కా. పైన సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. సిమ్ము లేకపోయినా జీపీఎస్ పన్జేస్తుందంటే కుర్రాళ్ళు నమ్మలేదు, నాకూ లోపల భయమే అనుకో. రెండ్రోజులు తిరిగాం, ఆడవాళ్ళు ముందు, నేను వెనక ఆయాసపడుతూ. మలుపు మలుపుకీ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నా. కిందకొచ్చి పాత ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ వేశా. డబ్బు కట్టక్కర్లేదు, క్రాక్ వెతకక్కర్లేదు, నా షాపు చరిత్రలో దొంగతనం కాని మొదటి సాఫ్ట్‌వేర్ ఇదే.

షాపు నిండా ఊరోళ్ళు, అందరూ స్క్రీన్ మీద పడి చూస్తున్నారు, నేను ఫైలు ఎక్కించా, చుక్కలు లేవు! వెనక్కి లాగుతున్నా, లాగుతున్నా, ఒడిశా పోయింది, ఇండియా పోయింది... చివరికి దొరికాయిరా, నార్వేకి పైన మంచు సముద్రంలో! అక్షాంశం 19, రేఖాంశం 83 కదా మనది, ఎక్స్ గడిలో రేఖాంశం పెట్టాలి, నేను తిరగేసి పెట్టా. నిజం చెప్పేశాను, ఏం చేస్తాం. ఒక తాత అడిగాడు, "అక్కడ మన జీలుగు చెట్లు బతుకుతాయా?" అని. ఇప్పటికీ బజార్లో కనిపిస్తే "చలెలా ఉంది బాబూ" అంటున్నారు.

నవ్వు అక్కడితో అయిపోలేదు గానీ... ఇది ఎలా చెప్పాలో తెలీట్లేదు. చట్టం రూల్స్‌లో శ్మశానాలు, బావులు, దేవుడి చోట్లు కూడా రుజువే, పెద్దల మాట రాయించి పెట్టినా రుజువే. అందుకని పోయినోళ్ళకి నిలబెట్టిన రాళ్ళు చూపించమన్నా. ఒక ముసలమ్మ తీసుకెళ్ళింది. రాయి రాయికీ ఆగి, ఇది మా అత్త, ఇది మా మరిది అని చెప్తోంది, మనవడు మనకి తిప్పి చెప్తున్నాడు. నేను హుషారుగా పాయింట్లు నొక్కుతూ, వీటిని కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టేస్తా, ప్రపంచమంతా చూస్తుంది అన్నా. ఆవిడ ఆగిపోయింది. "అందరూనా? రాళ్ళు పీక్కెళ్ళేవాళ్ళు కూడానా?"

నోట మాట రాలేదు. అడవి ఫొటోలో పచ్చగా తప్ప ఏమీ కనపడని చోట, ఆ రాళ్ళ జాడ బయటికి ఇచ్చేసేవాణ్ణి నేనే.

బడి, బోరింగు, బాట మ్యాప్‌లో పెట్టా. రాళ్ళ పాయింట్లు ఫోన్‌లో తుడిచేశా, ఉన్న ఒక్క ఫైలూ పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ళకే ఇచ్చా. దరఖాస్తులో ఎంత చూపించాలో గ్రామసభలో వాళ్ళే తేల్చుకుంటారట.

ఇంకోటి, ఊరి పేరు వాళ్ళ సొరంగ్ సొంపెంగ్ లిపిలో రాయమన్నారు, 1936లో మంగేయి గొమాంగో చేసిన లిపి. నా కంప్యూటర్‌లో అన్నీ డబ్బాలే వచ్చాయి. నోటో ఫాంట్ వేశాక వచ్చింది, అదీ ఫ్రీయే. పర్లాకిమిడిలో గిడుగు పంతులుగారు సవర భాషకి నిఘంటువు రాశారని స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టాం కదా, ఇన్నాళ్ళూ పక్క కొండ వైపు తలెత్తి చూశామా నువ్వూ నేనూ? సర్లే దాని గురించి ఇంకోసారి...

కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంటోంది. గ్రామసభ ఆదివారం. ఆ పెన్‌డ్రైవ్‌కి తాళం లాంటిది వేసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందన్నావు, వెరాక్రిప్టే కదా? శనివారంలోపు ఫోన్ చెయ్, పాస్‌వర్డ్ ముసలమ్మకి గుర్తుండేలా ఎలా పె