మూసుకోవడం కవాటం పని, జబ్బు కాదు

సంపాదకులకు నమస్కారం.

గుండెపోటు వచ్చినవారి గురించి చెప్పేటప్పుడు ‘మూడు వాల్వులు మూసుకుపోతే స్టెంట్లు వేశారు’ అనే మాట ఇళ్లలోనే కాక అప్పుడప్పుడు వార్తల్లోనూ కనిపిస్తోంది. గుండెపోటులో పూడుకుపోయేది వాల్వు కాదు, గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమని. వాల్వు, అంటే కవాటం, సమయానికి మూసుకుంటేనే మనిషి బతుకుతాడు.

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పిన రోజుల్లో ఏటా పదో తరగతి పిల్లలకు మేక గుండెను కోసి చూపించేవాణ్ణి (మహాధమనిని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాన్ని, కాస్త పొడవుగా ఉంచి కోయమని మాంసం కొట్టతనికి ముందే చెప్పుకోకపోతే ఆ రోజు పాఠం దండగే). ఆ ధమనిలో నీళ్లు పోస్తే అవి ఎడమ జఠరికలోకి, అంటే గుండె కింది గదిలోకి, దిగవు. అర్ధచంద్రాకారంలో ఉన్న మూడు పలుచని పొరలు జేబుల్లా ఉబ్బి, ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. అయినా నీటిమట్టం నెమ్మదిగా తగ్గుతూ ఉంటే పిల్లలు కవాటం కారుతోందనేవారు. నిజానికి ఆ నీరు ఎక్కువగా పోయేది కవాటానికి సరిగ్గా పైన మొదలయ్యే కరోనరీ ధమనుల్లోకి. స్టెంట్లు వేసేది వాటికే. రెండూ అంత దగ్గరగా ఉండబట్టి పేర్లు కలిసిపోయాయేమో అనుకుంటే సరిపెట్టుకోవచ్చు గానీ, జబ్బులు మాత్రం వేరు.

కవాటానికి తనంతట తాను తెరుచుకునే శక్తి లేదు. ఇవతలి గదిలో ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది, అవతల పెరిగితే మూసుకుంటుంది. ఎడమవైపు పై గదైన కర్ణికకు, జఠరికకు మధ్య ఉండే అగ్రద్వయ కవాటాన్ని, అంటే మిట్రల్ వాల్వును, సన్నని తీగల్లాంటి స్నాయువులు జఠరికలోని చిన్న కండరాలకు కట్టి ఉంచుతాయి. ఆ కండరాలే పొరలను లాగి మూస్తాయని నేను కూడా కొన్నేళ్లు తప్పుగా చెప్పాను. జఠరిక బలంగా ముడుచుకున్నప్పుడు ఆ పొరలు ఈదురుగాలికి గొడుగు తిరగబడినట్టు కర్ణికవైపు తిరగబడకుండా పట్టి ఉంచడమే వాటి పని. డాక్టరు స్టెతస్కోపులో వినే ‘లబ్’ ముఖ్యంగా ఈ కవాటమూ, కుడివైపున్న అగ్రత్రయ కవాటమూ మూసుకునేటప్పుడు వచ్చేది. ‘డబ్’ మహాధమని, పుపుస ధమని కవాటాలది.

కవాటం చెడిపోతే సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది, లేదా గట్టిపడి పూర్తిగా తెరుచుకోదు. ఆరోగ్యంగా ఉన్న మిట్రల్ కవాటం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది, అది 1.5కి తగ్గితే తీవ్రమైన జబ్బే. మన దేశంలో ఈ ఇరుకుకు ప్రధాన కారణం కొవ్వు కాదు, చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన చికిత్స జరగకపోతే, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో కొందరికి, ఆ క్రిమిపై పోరాడవలసిన రోగనిరోధక శక్తి సొంత కవాటాల మీదే దాడి చేస్తుంది. ఆ జ్వరం మళ్లీ రాకుండా అలాంటి పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించాలి. వాల్వు జబ్బంటే నూనె, మాంసం ఎక్కువ తినే పెద్దవాళ్లకు వచ్చేదేనని నమ్మిన తల్లిదండ్రులకు, ఆటలాడుకుంటున్న పిల్లకు ఆ సూది ఎందుకో అర్థం కాదు. మధ్యలో మానేస్తారు. మాట పొరపాటు వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

అందువల్ల గుండెపోటు వార్తల్లో ‘రక్తనాళం పూడుకుపోయింది’ అని రాయవలసిందిగా, ‘వాల్వు’ అనే మాటను నిజంగా కవాటం జబ్బు ఉన్నప్పుడే వాడవలసిందిగా కోరుతున్నాను. శీర్షికలో చోటు చాలదంటారా, ‘నాళం’ కూడా ‘వాల్వు’లాగే రెండక్షరాల మాటే.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి