నల్లరేగడి మీద దిమ్మిస

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గుంటూరు పక్క స్థలంలో పునాదులు లేచాయని, తవ్వి తీసిన నల్లమట్టినే బేస్‌మెంట్‌లో నింపి ఎంత గట్టిగా దిమ్మిస కొడితే అంత మంచిదని మేస్త్రి అంటున్నాడని రాశావు. అందులో సగమే నిజం.

దిమ్మిస దెబ్బకు మట్టిలోని గాలి బయటికి పోయి, రేణువులు దగ్గరపడతాయి. మట్టి పొడిగా ఉంటే అవి ఒకదానిపై ఒకటి జారవు; తగినంత తడి ఉంటే జారి సర్దుకుంటాయి; తడి మరీ ఎక్కువైతే ఆ నీరే చోటు ఆక్రమించి, ఎన్ని దెబ్బలు వేసినా సాంద్రత పెరగదు. 1933లో ఈ సంగతిని లోకానికి వివరించినవాడు ప్రోక్టర్ అనే అమెరికా ఇంజనీరు. అచ్చులో మూడు పొరలుగా మట్టి వేసి, 2.6 కిలోల దిమ్మిసను 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పొరకు 25 సార్లు వదిలే ఆ పరీక్ష చదువుకునే రోజుల్లో నా భుజాన్ని ఎంత నొప్పించిందో ఇప్పటికీ మరిచిపోలేదు. సాంద్రత అత్యధికంగా వచ్చే తేమనే మేము ఓఎంసీ (ఆప్టిమమ్ మాయిశ్చర్ కంటెంట్) అంటాము.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఓఎంసీకంటే తక్కువ తేమతోనూ, ఎక్కువ తేమతోనూ ఒకే సాంద్రత వచ్చినా, నల్లరేగడి లాంటి బంకమట్టి గుణం ఒకటి కాదు. తక్కువ తేమతో కొట్టిన మట్టిలో రేణువులు అడ్డదిడ్డంగా నిలిచి అప్పటికి రాయిలా గట్టిగా ఉంటుంది గాని, దాహం మీద ఉంటుంది. వాన నీరు తగిలితే బాగా ఉబ్బి, ఆ బలాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. ఎక్కువ తేమతో కొట్టినదానిలో రేణువులు ఒకే వరుసలో పడుకుని నీటిని అంతగా పోనివ్వవు, ఉబ్బడమూ తక్కువే. అయితే అది మెత్తగా ఉండి, ఎండితే ఎక్కువ కుంచించుకుపోతుంది. మట్టి డ్యాముల నడిమి బంకమట్టి గోడను తరచుగా కాస్త తడి ఎక్కువగా ఉంచి తొక్కించేది అది పగలకుండా వంగాలనే. రోడ్డు కింది మట్టి బలాన్ని నాలుగు రోజులు నీటిలో నానబెట్టి చూసేది కూడా పొడి బలాన్ని నమ్మలేకనే.

నల్లరేగడిలో సాంద్రత పెరిగేకొద్దీ ఉబ్బే శక్తి కూడా పెరుగుతుంది. మీ మేస్త్రి మాట విని ఎండిన మట్టిని గట్టిగా కొట్టిస్తే, అడుగుకు నీరు చేరిన నాడు గచ్చు పైకి లేస్తుంది. అందుకే ఆ మట్టిని బయట పారబోయించి, ఎర్ర గ్రావెల్ తెప్పించు. 15 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, పిడికిట పడితే ముద్ద కట్టి, అరచేతికి అంటుకోనంత తడి చేసి కొట్టించు. ఇసుకైతే దెబ్బకంటే అదురుకే బాగా సర్దుకుంటుంది.

గ్రావెల్ దిగగానే ఒక సంచెడు నాకు పంపు. ఓఎంసీ తీసి చెబుతాను. ఈసారి దెబ్బలు వేయడానికి మా కుర్రవాళ్ళున్నారు.

ఇట్లు,
నీ మిత్రుడు